నింటెండో వరల్డ్ కప్

నింటెండో వరల్డ్ కప్ జపాను దేశానికి చెందిన టెక్నోస్ జపాన్ సంస్థ రూపొందించిన ఒక ఫుట్‌బాల్ వీడియో గేమ్. ఇది 1990 మే 18న జపానులో ఫ్యామికామ్ అనే 8-బిట్ కన్సోలు కొరకు వేరొక పేరుతో విడుదలైనది. అదే సంవత్సరం డిసెంబరులో ఉత్తర అమెరికాలోను, 1991లో ఐరోపాలోను నింటెండో సంస్థ దీనిని నింటెండో వరల్డ్ కప్ అనే పేరుతో ప్రచురించినది. ఒక్కొక్క జట్టులో ఆరుగురు మాత్రమే ఉండటం, ఫౌల్ అనే నియమమే లేకపోవడం, ఆడే వ్యక్తి ఒక్క ఆటగాడిని మాత్రమే నడుపుతూ మిగిలినవారికి ఆదేశాలు ఇవ్వడం ఈ ఆటలోని ముఖ్య విశేషాలు.

ఈ ఆట కథ ఒక పేరు మారుతూ వచ్చిన కథ కూడా. జపానులో ఇది ఉన్నత పాఠశాల విద్యార్థుల ఆటగా పుట్టినది. అమెరికా, ఐరోపాలకు దేశాల మధ్య జరిగే ప్రపంచ కప్‌గా వెళ్ళినది. 1990లలో భారతదేశం వంటి దేశాలలో ఈ తరానికి చెందిన ఆటలు ఎక్కువగా అనుకరణ కన్సోళ్ళ ద్వారా, తయారు చేసినవారి పేరు లేకుండా ఇళ్ళకు చేరినవి. అందువలన చిన్నతనంలో ఇటువంటి ఆటలు ఆడిన చాలామందికి బొమ్మలు, సంగీతం గుర్తున్నా ఆట పేరు గాని, దానిని చేసినవారి పేరు గాని తెలియదు.

పేరు

జపాను భాషలో ఈ ఆట పూర్తి పేరు 'నెక్కెత్సు కోకో డాడ్జ్‌బాల్ బు: సాకర్ హెన్'. నెక్కెత్సు అనగా వేడి నెత్తురు, అంటే ఉద్రేకం గల స్వభావం. కోకో అనగా ఉన్నత పాఠశాల. బు అనగా పాఠశాలలోని క్రీడా సంఘం వంటిది. హెన్ అనగా భాగము లేదా సంపుటి. మొత్తం కలిపి 'నెక్కెత్సు ఉన్నత పాఠశాల డాడ్జ్‌బాల్ జట్టు: ఫుట్‌బాల్ భాగం' అని అర్థం చెప్పుకోవచ్చును. ఫుట్‌బాల్ ఆట పేరులో డాడ్జ్‌బాల్ అనే వేరొక ఆట పేరు ఉండటం వింతగా అనిపించినా, దానికి కారణం ఆట కథలోనే ఉన్నది.

ఆంగ్లంలో విడుదలైనపుడు ఈ పేరు మొత్తం తీసివేయబడి, ప్రచురణకర్త పేరు, పోటీ పేరు మాత్రమే మిగిలినవి. తయారు చేసిన టెక్నోస్ సంస్థకు గాని, కథానాయకుడైన కునియోకు గాని కొత్త పేరులో చోటు లేదు.

నేపథ్యం

టెక్నోస్ జపాన్ సంస్థ 1981లో టోక్యోలో స్థాపించబడినది. 1986లో ఈ సంస్థ 'నెక్కెత్సు కోహా కునియో-కున్' అనే ఆర్కేడ్ ఆటను విడుదల చేసినది. దీనిని రూపొందించినవారు యోషిహిసా కిషిమోతో. తన ఉన్నత పాఠశాల రోజుల అనుభవాల ఆధారంగా ఆయన కునియో అనే విద్యార్థి పాత్రను సృష్టించారు. తగాదాలకు వెనుకాడని వాడే గాని, స్నేహితుల కోసం నిలబడే స్వభావం గలవాడు కునియో. ఆ పాత్రకు సంస్థ అధ్యక్షుడైన కునియో తాకి పేరు పెట్టబడినది. ఇదే ఆట పాశ్చాత్య దేశాలలో రెనెగేడ్ అనే పేరుతో, బొమ్మలు మార్చి విడుదలైనది. 1987లో వచ్చిన ప్రసిద్ధ ఆట డబుల్ డ్రాగన్ కూడా కిషిమోతో రూపొందించినదే.

కునియో పాత్రకు వచ్చిన ఆదరణతో టెక్నోస్ సంస్థ అతనిని రకరకాల ఆటలలో ప్రవేశపెట్టినది. మొదట డాడ్జ్‌బాల్ ఆట వచ్చినది. రెండు జట్లు ఎదురెదురుగా నిలిచి బంతితో ఎదుటివారిని కొట్టడం ఈ క్రీడ. దాని తరువాతి క్రీడాభాగమే 1990 నాటి ఫుట్‌బాల్. పొట్టి శరీరం, పెద్ద తల, దెబ్బ తగిలినపుడు ముఖంలో కనిపించే హావభావాలు ఈ ఆటలన్నిటికీ సామాన్య లక్షణాలు. ఒక్కసారి చూసినవారు ఈ వరుసలోని మరొక ఆటను పేరు తెలియకుండానే గుర్తుపట్టగలరు.

ఫ్యామికామ్ కన్సోలుకు అప్పటికే కొన్ని ఫుట్‌బాల్ ఆటలు ఉన్నవి. నింటెండో సంస్థ 1985లోనే సాకర్ అనే ఆటను విడుదల చేసినది. 1988లో టెక్మో సంస్థ, కెప్టెన్ త్సుబాసా అనే బొమ్మల కథ ఆధారంగా, ఆదేశాలను ఎంచుకుంటూ ఆడే ఫుట్‌బాల్ ఆటను తెచ్చినది. మొదటిది మైదానంలోని ఆటను ఉన్నదున్నట్లు చూపడానికి ప్రయత్నించగా, రెండవది కథకు ప్రాధాన్యమిచ్చినది. టెక్నోస్ వారి ఆట ఈ రెండింటికీ మధ్యలో నిలిచినది.

కన్సోలు, క్యాట్రిడ్జి

ఆట స్వరూపాన్ని అర్థం చేసుకోవడానికి అది నడిచిన యంత్రం గురించి కొంత తెలియవలసి ఉన్నది. ఫ్యామికామ్ కన్సోలు 1983 జూలై 15న జపానులో విడుదలైనది. అమెరికాలో 1985 నుండి ఇది నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్, క్లుప్తంగా ఎన్ఈఎస్, అనే పేరుతో అమ్మబడినది. ప్రపంచమంతటా కలిపి 6 కోట్లకు పైగా యంత్రాలు అమ్ముడైనవి.

ఇందులోని ప్రాసెసర్ 8-బిట్ రకానికి చెందినది. దాని వేగం సుమారు 1.79 మెగాహెర్ట్జ్. పని చేయడానికి ఉన్న జ్ఞాపకశక్తి, అనగా ర్యామ్, కేవలం 2 కిలోబైట్లు, అంటే 2,048 బైట్లు. నేటి కంప్యూటర్లలో యూనికోడ్ పద్ధతిలో ఒక్కొక్క తెలుగు వర్ణానికి సాధారణంగా 3 బైట్లు పడుతుంది. ఆ లెక్కన ఈ వ్యాసంలోని ఒకటి రెండు పేరాలకే ఆ స్థలం నిండిపోతుంది. మైదానంలోని పన్నెండుగురి స్థానాలు, వేగం, అలసట, స్కోరు, గడియారం, బంతి కదలిక అన్నీ ఆ కొద్దిపాటి చోటులోనే సర్దబడినవి. మారని భాగాలైన ప్రోగ్రాము, బొమ్మలు, సంగీతం మాత్రం క్యాట్రిడ్జిలోని రోమ్ చిప్పులలో ఉంటాయి.

క్యాట్రిడ్జి అనగా ప్లాస్టిక్ డబ్బాలో అమర్చిన ఒక చిన్న సర్క్యూట్ పలక. దీని అంచున లోహపు పట్టీలు ఉంటాయి. ఫ్యామికామ్ క్యాట్రిడ్జికి ఇవి 60, ఎన్ఈఎస్ క్యాట్రిడ్జికి 72. కన్సోలులో గుచ్చినపుడు రోమ్ చిప్పులు నేరుగా ప్రాసెసర్‌తో కలుస్తాయి. అందువలన స్విచ్చి వేసిన వెంటనే ఆట మొదలవుతుంది. టేపు రికార్డరు ద్వారా ఆటలను ఎక్కించుకునే ఆనాటి కొన్ని ఇంటి కంప్యూటర్లవలె నిమిషాల తరబడి వేచి ఉండవలసిన పని లేదు.

తెరపై కదిలే బొమ్మలను స్ప్రైట్లు అంటారు. ఈ కన్సోలు ఒకేసారి 64 స్ప్రైట్లను చూపగలదు. అయితే తెరపై ఒక్కొక్క అడ్డగీతలో 8 స్ప్రైట్లకు మించి గీయలేదు. ఒక్కొక్క స్ప్రైటు వెడల్పు 8 చుక్కలు. ఆటగాడి బొమ్మ వెడల్పు సుమారు 16 చుక్కలు అనుకుంటే ఒక్కొక్కరికి రెండు స్ప్రైట్లు కావాలి. అంటే ఒకే వరుసలో నలుగురు నిలబడగానే హద్దు పూర్తవుతుంది, బంతికి కూడా చోటు మిగలదు. అందుకే బంతి కోసం ఆటగాళ్ళు గుంపుగా చేరినపుడు బొమ్మలు మినుకుమినుకుమంటాయి. ఎవరూ పూర్తిగా మాయం కాకుండా, ఏ స్ప్రైటును వదిలివేయాలో ప్రోగ్రాము ప్రతి చిత్రానికి మార్చుతూ ఉంటుంది. ఆ మినుకు దాని ఫలితమే. ఇటువంటి యంత్రానికి జట్టుకు పదకొండుగురి కంటే ఆరుగురు ఎంతో అనుకూలమని దీనిని బట్టి గ్రహించవచ్చును.

ఆట విధానం

ప్రతి జట్టులో ఒక గోల్ కీపరు, ఐదుగురు ఆటగాళ్ళు ఉంటారు. మైదానం తెర కంటే పెద్దది కావున బంతిని అనుసరించి దృశ్యం ఎడమకు, కుడికి జరుగుతుంది.

ఆనాటి ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లలో సాధారణంగా బంతికి దగ్గరగా ఉన్న ఆటగాడు తనంతట తానే ఆడేవారి అధీనంలోకి వచ్చేవాడు. నింటెండో వరల్డ్ కప్‌లో ఈ పద్ధతి లేదు. ఆడే వ్యక్తి మొదటి నుండి చివరి వరకు జట్టులోని ఒకే ఆటగాడు. మిగిలిన నలుగురు, గోల్ కీపరు కంప్యూటరు చేత నడపబడతారు. బంతి తోటివాని వద్ద ఉన్నపుడు మీటలు నొక్కి పాస్ ఇవ్వమని గాని, గోల్ వైపు కొట్టమని గాని చెప్పవచ్చును. జట్టు ఏ పద్ధతిలో ఆడాలో, తోటివారు బంతిని తామే తీసుకుని వెళ్ళాలా లేక అందించాలా అన్నది కూడా ముందే నిర్ణయించవచ్చును.

ఈ ఏర్పాటు వలన ఆటలో ఒక ప్రత్యేకమైన స్వభావం ఏర్పడినది. తోటివాడు తప్పు చోట నిలబడితే అతనిని చేయి పట్టి జరపడానికి వీలు లేదు. తన స్థానాన్ని మార్చుకుని, సరియైన క్షణంలో బంతిని అడగడమే మార్గం. అన్నీ తానే చేయాలనుకునేవారు ఈ ఆటలో త్వరగా ఓడిపోతారు. జట్టులో ఒకడిగా ఉండటం ఎటువంటిదో చూపిన ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లలో ఇది తొలితరానికి చెందినది.

ఆటలోని ఇతర నియమాలు, విశేషాలు:

* ఫౌల్, ఆఫ్‌సైడ్ లేవు. ఎదుటివానిని భుజంతో గుద్దడం, నేలపై జారుతూ పడగొట్టడం అనుమతించబడినవి. రిఫరీ జోక్యం ఉండదు.
* పదేపదే దెబ్బలు తిన్న ఆటగాడు నేలపై పడిపోయి, ఆ అర్ధభాగం ముగిసే వరకు లేవడు. అందువలన ఒక జట్టులో చురుకుగా ఉండేవారి సంఖ్య క్రమంగా తగ్గిపోవచ్చును.
* తలక్రిందులుగా ఎగిరి తన్నడం, గాలిలో దూకి తలతో కొట్టడం వంటి విన్యాసాల ద్వారా సూపర్ షాట్ అనే శక్తివంతమైన దెబ్బ కొట్టవచ్చును. ఇవి పరిమిత సంఖ్యలో మాత్రమే లభిస్తాయి. వీటి దారిలో అడ్డు వచ్చినవారు ఎగిరిపడతారు. బంతి ప్రయాణించే తీరు కూడా జట్టును బట్టి మారుతుంది.
* మైదానాలు అన్నీ ఒకటి కావు. పచ్చిక, మట్టి, ఇసుక, కాంక్రీటు, మంచు వంటి నేలలు ఉన్నవి. నేలను బట్టి పరుగు, బంతి కదలిక మారుతాయి.

ఫౌల్ లేకపోవడం చూసి ఇది హింసను ప్రోత్సహించే ఆట అనే అభిప్రాయం కలుగవచ్చును. బొమ్మల తీరు హాస్యప్రధానమైనది కావున దెబ్బలు కూడా బొమ్మల సినిమాలోని దెబ్బలవలె కనిపిస్తాయి. అయినప్పటికీ నిజమైన ఫుట్‌బాల్ నియమాలను నేర్చుకోవాలనుకునే విద్యార్థికి ఈ ఆట సరియైన గురువు కాదు. ఖాళీ స్థలం చూసి కదలడం, పాస్ కోసం సిద్ధంగా ఉండటం, ఎప్పుడు తన్నాలో ఎప్పుడు అందించాలో తెలుసుకోవడం వంటి మెళకువలు మాత్రం ఇందులో నిజంగానే అలవడుతాయి.

పోటీ పద్ధతులు

ఈ ఆటను రెండు విధాలుగా ఆడవచ్చును. మొదటిది టోర్నమెంటు. ఒక దేశాన్ని ఎంచుకుని మిగిలిన దేశాల జట్లను ఒకదాని తరువాత ఒకటిగా ఓడించవలెను. ఇద్దరు ఆడినపుడు వారు ప్రత్యర్థులుగా కాక, ఒకే జట్టులోని ఇద్దరు ఆటగాళ్ళుగా కలిసి ఆడుతారు. రెండవది మ్యాచ్ పద్ధతి. ఇందులో ఒకరిపై ఒకరు పోటీపడవచ్చును. ఎన్ఈఎస్ కన్సోలుకు ఫోర్ స్కోర్ అనే అదనపు పరికరం తగిలిస్తే నలుగురు ఒకేసారి ఆడవచ్చును. నలుగురు ఆడగలగడం ఆ కాలంలో అరుదైన సౌకర్యం.

ఆట మధ్యలో ఆపివేసినపుడు స్థితిని దాచుకోవడానికి క్యాట్రిడ్జిలో బ్యాటరీ లేదు. అందుకు బదులుగా గెలిచిన తరువాత తెరపై ఒక పాస్‌వర్డ్ కనిపిస్తుంది. దానిని కాగితంపై వ్రాసుకుని, మరునాడు తిరిగి ఎక్కిస్తే ఆట అక్కడి నుండి కొనసాగుతుంది. ఒక్క అక్షరం తప్పు వ్రాసుకున్నా మొదటికి రావలసినదే.

పాఠశాల కథ నుండి ప్రపంచ కప్ వరకు

జపాను రూపంలో ఆటకు ఒక కథ ఉన్నది. నెక్కెత్సు ఉన్నత పాఠశాల ఫుట్‌బాల్ జట్టు పోటీలో పాల్గొనలేని స్థితిలో ఉండగా, ఆ జట్టు నిర్వాహకురాలైన మిసాకో అనే విద్యార్థిని కునియోను, అతని డాడ్జ్‌బాల్ మిత్రులను సహాయం కోరుతుంది. ఆ విధంగా డాడ్జ్‌బాల్ జట్టు ఫుట్‌బాల్ మైదానంలోకి దిగి, ఇతర పాఠశాలల జట్లతో తలపడుతుంది. ఆట శీర్షికలో డాడ్జ్‌బాల్ పేరు ఉండటానికి కారణం ఇదే. ఆడే వ్యక్తి ఒక్క కునియోను మాత్రమే నడపడం, ఫౌల్ లేకపోవడం కూడా ఈ కథతో చక్కగా పొసుగుతాయి. వారు శిక్షణ పొందిన ఫుట్‌బాల్ ఆటగాళ్ళు కారు, స్నేహితురాలి మాట కాదనలేక వచ్చిన అల్లరి పిల్లలు.

ఆంగ్ల రూపంలో ఈ కథ పూర్తిగా తొలగించబడినది. పాఠశాలల స్థానంలో 13 దేశాలు వచ్చినవి:

* అర్జెంటీనా
* ఇంగ్లాండు
* ఇటలీ
* కామెరూన్
* జపాను
* పశ్చిమ జర్మనీ
* ఫ్రాన్సు
* బ్రెజిల్
* అమెరికా సంయుక్త రాష్ట్రాలు
* మెక్సికో
* సోవియట్ యూనియన్
* స్పెయిన్
* హాలండు

ఈ జాబితా 1990 నాటి ప్రపంచానికి ఒక ఛాయాచిత్రం వంటిది. ఆ సంవత్సరం జూన్ 8న ఇటలీలో మొదలైన ప్రపంచ కప్‌లో 24 జట్లు పాల్గొన్నవి. తొలి మ్యాచ్‌లోనే కామెరూన్ 1-0 తేడాతో అప్పటి విజేత అర్జెంటీనాను ఓడించి, తరువాత క్వార్టర్ ఫైనల్ వరకు వెళ్ళినది. జూలై 8న జరిగిన ఫైనల్‌లో పశ్చిమ జర్మనీ 1-0 తేడాతో అర్జెంటీనాపై గెలిచినది. అదే సంవత్సరం అక్టోబరు 3న రెండు జర్మనీలు ఏకమైనవి. అంటే డిసెంబరులో ఆట అమెరికా దుకాణాలకు చేరేనాటికే పశ్చిమ జర్మనీ అనే దేశం లేదు. మరుసటి సంవత్సరం డిసెంబరులో సోవియట్ యూనియన్ కూడా విచ్ఛిన్నమైనది.

జాబితాలోని ఫ్రాన్సు, జపాను, మెక్సికో నిజానికి 1990 ప్రపంచ కప్‌లో ఆడలేదు. ఫ్రాన్సు అర్హత సాధించలేకపోయినది. యువజన పోటీలో వయసు మించినవారిని ఆడించినందుకు మెక్సికోపై నిషేధం ఉన్నది. జపాను మొదటిసారి ప్రపంచ కప్ ఆడినది 1998లో. కావున ఈ ఆటను ఆ పోటీకి నకలుగా భావించరాదు. ఇందులో నిజమైన ఆటగాళ్ళ పేర్లు కూడా లేవు. చొక్కాల రంగులు, దేశాల పేర్లు మారినా, పరుగెత్తేది కునియో, అతని మిత్రుల బొమ్మలే.

ఇతర రూపాలు

1991లో ఈ ఆట గేమ్ బాయ్ అనే చేతి కన్సోలుకు కూడా వచ్చినది. జపానులో మెగా డ్రైవ్, పీసీ ఇంజిన్ కన్సోళ్ళకు కూడా దీని రూపాంతరాలు విడుదలైనవి. అమెరికాలో సూపర్ స్పైక్ వీబాల్ అనే వాలీబాల్ ఆటతో కలిపి ఒకే క్యాట్రిడ్జిగా, కన్సోలుతో పాటు అమ్మబడినది. ఐరోపాలో సూపర్ మారియో బ్రదర్స్, టెట్రిస్ ఆటలతో కలిపి మూడు ఆటల క్యాట్రిడ్జిగా వచ్చినది. కన్సోలుతో పాటే లభించడం వలన, విడిగా కొనని కుటుంబాలకు కూడా ఈ ఆట చేరినది.

1993 ఏప్రిల్ 23న టెక్నోస్ సంస్థ 'కునియో-కున్ నో నెక్కెత్సు సాకర్ లీగ్' అనే తరువాతి భాగాన్ని జపానులో మాత్రమే విడుదల చేసినది. అధికారికంగా మరే దేశానికీ వెళ్ళని ఈ ఆట, అనుకరణ క్యాట్రిడ్జిల ద్వారా 'గోల్ 3' అనే పేరుతో అనేక దేశాలకు వ్యాపించినది. ఆ పేరు టెక్నోస్ వారు పెట్టినది కాదు.

అదే సంవత్సరం చివరలో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ మెగా డ్రైవ్ కొరకు ఫిఫా ఇంటర్నేషనల్ సాకర్ ఆటను తెచ్చినది. జట్టుకు పదకొండుగురు, ఫౌల్‌లు, ఆఫ్‌సైడ్, టీవీ ప్రసారాన్ని పోలిన దృశ్యం గల ఆ పద్ధతే తరువాతి కాలంలో స్థిరపడినది. టెక్నోస్ సంస్థ 1996లో మూతపడినది.

భారతదేశంలో

భారతదేశంలో ఎన్ఈఎస్ కన్సోలు అధికారికంగా సమురాయ్ అనే పేరుతో అమ్మబడినది. సెగా సంస్థ కన్సోళ్ళను 1995 నుండి షా వాలెస్ సంస్థ పంపిణీ చేసినది. అయితే వీటి ధర మధ్యతరగతికి ఎక్కువ. ఆ ఖాళీని అనుకరణ కన్సోళ్ళు పూరించినవి. ఫ్యామికామ్ లోపలి చిప్పులన్నిటినీ ఒకే చిప్పులో ఇమిడ్చి, తక్కువ ఖర్చుతో తయారు చేయబడిన ఈ యంత్రాలు వివిధ పేర్లతో అమ్ముడైనవి. వీటికి రెండు జాయ్‌స్టిక్కులు, కొన్నిటికి ఒక తుపాకి కూడా వచ్చేవి. టీవీ వెనుక ఏరియల్ తీగ పెట్టే చోట దీని తీగ గుచ్చి, ఛానెల్ సరిచేసుకుని ఆడేవారు.

క్యాట్రిడ్జి అనే మాట మన దేశంలో వాడుకలోకి రాలేదు. పాటల క్యాసెట్ అప్పటికే ప్రతి ఇంటా ఉన్నందున, దీనిని కూడా 'క్యాసెట్' అనే పిలిచారు. లోపల టేపు లేకపోయినా పేరు నిలిచిపోయినది. కన్సోలును 'వీడియో గేమ్' లేదా 'టీవీ గేమ్' అనేవారు.

ఒకే క్యాసెట్‌లో వందలు, వేలు, చివరకు లక్షల ఆటలు ఉన్నట్లు పైన అంకెలు వేసి ఉండేవి. నిజానికి అందులో ఉండేవి కొన్ని ఆటలే. అదే ఆటను వేరొక దశ నుండి మొదలుపెట్టి, వేరొక పేరుతో జాబితాలో మళ్ళీ మళ్ళీ చూపేవారు. చాలా క్యాసెట్లలో ఆటల మొదటి తెరపై ఉండే సంస్థ పేరు, సంవత్సరం తుడిచివేయబడి ఉండేవి. జాబితాలో 'సాకర్', 'వరల్డ్ కప్' వంటి మాట మాత్రం కనిపించేది. భారత చట్టం 1984 సవరణ ద్వారా కంప్యూటరు ప్రోగ్రాములను కాపీరైటు రక్షణ గల రచనలలో చేర్చినది. అయినా బజారులో ఈ క్యాసెట్ల అమ్మకం బాహాటంగానే సాగినది. కొన్నవారిలో అత్యధికులకు అవి అనుమతి లేని నకళ్ళు అని తెలియదు. అధికారిక క్యాట్రిడ్జి కొనగలిగిన స్థోమత ఉన్నవారు కూడా కొద్దిమందే.

హైదరాబాదు తూర్పు ప్రాంతంలో

హైదరాబాదు నగరంలో ఎలక్ట్రానిక్ సామాగ్రికి కోఠిలోని గుజరాతీ గల్లీ పేరు పొందిన బజారు. నగరానికి తూర్పున విజయవాడ రహదారి వెంట పెరిగిన దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, వనస్థలిపురం ప్రాంతాలలో ఉద్యోగుల కాలనీలు ఎక్కువ. వనస్థలిపురంలోని ఎన్జీవోస్ కాలనీ పేరే ఇందుకు నిదర్శనం. 1990లలో ఇటువంటి కాలనీలలో ఇంటికొక టీవీ వచ్చినది గాని, కంప్యూటరు ఇంకా రాలేదు. ఆ పదేళ్ళ కాలంలో పిల్లలకు తెరపై తమ చేతితో ఏదైనా కదిలించే అవకాశం ఇచ్చినది ఈ టీవీ గేమ్‌లే. ఇంట్లో లేనివారు గంటకు ఇంత అని రుసుము చెల్లించి వీడియో గేమ్ దుకాణాలలో ఆడేవారు. వేసవి సెలవులలో పిల్లలు క్యాసెట్లు మార్చుకోవడం మామూలు విషయం.

అనుకరణ కన్సోళ్ళకు సాధారణంగా రెండు జాయ్‌స్టిక్కులే ఉన్నందున, నలుగురు ఆడే సౌకర్యం ఇక్కడ ఉపయోగపడలేదు. ఇద్దరు ఒకే జట్టుగా ఆడే పద్ధతి మాత్రం అన్నదమ్ములకు, ఇరుగుపొరుగు పిల్లలకు సరిపోయేది. జట్టుకు ఆరుగురు, రిఫరీ లేడు, నేల మట్టి లేదా కాంక్రీటు అనే ఈ ఆట నియమాలు కాలనీ వీధులలోని, ఖాళీ ప్లాట్లలోని ఆటకు అంతర్జాతీయ పోటీల కంటే దగ్గరగా ఉన్నవి.

ఇక్కడ ఒక విషయం గమనించవలసి ఉన్నది. హైదరాబాదు ఒకప్పుడు భారత ఫుట్‌బాల్‌కు ఆయువుపట్టు. ఉపాధ్యాయ వృత్తి నుండి వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు గెలిచినది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందినది. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ సాధించినది. సికిందరాబాదు ప్రాంతానికి చెందిన తులసీదాస్ బలరాం, హైదరాబాదులో జన్మించిన పీటర్ తంగరాజ్ దేశానికి ఆడారు. 1990ల నాటికి ఆ వైభవం తగ్గిపోయి, కాలనీ పిల్లల ఆట క్రికెట్ అయినది. 1950 ప్రపంచ కప్‌కు అవకాశం వచ్చినా భారత జట్టు వెళ్ళలేదు. ఆ తరువాత అర్హత సాధించలేదు. నింటెండో వరల్డ్ కప్ జాబితాలో కూడా భారతదేశం లేదు. ఫుట్‌బాల్‌లో ఇంతటి చరిత్ర గల నగరంలో పుట్టిన పిల్లలు కామెరూన్‌నో, బ్రెజిల్‌నో, అప్పటికే లేని సోవియట్ యూనియన్‌నో తమ జట్టుగా ఎంచుకోవలసి వచ్చినది. తమ నగరపు రహీం పేరు కంటే ఆ చొక్కాల రంగులే వారికి ముందుగా పరిచయమైనవి. రహీం జీవితం ఆధారంగా తీసిన హిందీ చిత్రం మైదాన్ 2024లో విడుదలైనది.

పరిరక్షణ

క్యాట్రిడ్జిలోని రోమ్ చిప్పులు దశాబ్దాల తరబడి పనిచేయగలవు. అయితే లోహపు పట్టీలపై దుమ్ము, తుప్పు చేరితే ఆట మొదలు కాదు, లేదా తెరపై పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఆ రోజులలో అందరూ క్యాసెట్ అంచులో నోటితో ఊది మళ్ళీ పెట్టేవారు. తీసి పెట్టడం వలన పట్టీలు సరిగా కలిసి ఆట వచ్చేది గాని, ఊదడం వలన కాదు. పైగా ఊపిరిలోని తేమ లోహానికి తుప్పు పట్టిస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదితో పట్టీలను తుడిచి, పూర్తిగా ఆరిన తరువాత పెట్టడం సరియైన పద్ధతి.

యంత్రం పాడైపోయినా ఆట నిలిచి ఉండటానికి ఎమ్యులేటర్లు ఉపయోగపడుతున్నవి. పాత కన్సోలు పనితీరును కొత్త కంప్యూటరులో అనుకరించే ప్రోగ్రామును ఎమ్యులేటర్ అంటారు. టెక్నోస్ సంస్థ మూతపడిన తరువాత కునియో ఆటల హక్కులు చేతులు మారి, 2015లో ఆర్క్ సిస్టమ్ వర్క్స్ సంస్థకు చేరినవి. ఆ సంస్థ 2018లో జపానులో కునియో ఆటల సంకలనాన్ని, 2020లో ఇతర దేశాలకు డబుల్ డ్రాగన్ ఆటలతో కలిపి మరొక సంకలనాన్ని విడుదల చేసినది. ఇందులో 1990 నాటి ఫుట్‌బాల్ ఆట దాని జపాను రూపంలోనే, ఆంగ్ల అనువాదంతో చోటు చేసుకున్నది. ప్రపంచ కప్ పేరు క్రింద ముప్పై ఏళ్ళ పాటు మరుగున పడిన పాఠశాల కథ, మిసాకో అభ్యర్థన, డాడ్జ్‌బాల్ జట్టు ఇతర దేశాల ఆటగాళ్ళకు అధికారికంగా అందినది ఈ విధంగానే.

అనుకరణ క్యాసెట్ల చరిత్రకు మాత్రం అటువంటి సంకలనం లేదు. ఏ క్యాసెట్‌లో ఏ ఆట ఏ పేరుతో ఉన్నదో తెలిపేవి ఆ క్యాసెట్లు, వాటి అట్టలు మాత్రమే. మన ఇళ్ళలోని అటకలపై, పాత సామాను పెట్టెలలో మిగిలి ఉన్న ఇటువంటి క్యాసెట్లు పనిచేయకపోయినా చరిత్రకు ఆధారాలే. పెద్ద తలలతో, పొట్టి కాళ్ళతో, జట్టుకు ఆరుగురితో, ఫౌల్ లేకుండా సాగే ఫుట్‌బాల్ ఆట అందులో కనిపిస్తే అది నింటెండో వరల్డ్ కప్ గాని, దాని తరువాతి భాగం గాని కావడానికి అవకాశం ఎక్కువ. జాబితాలో ఉన్న పేరుతో పాటు టెక్నోస్ జపాన్ పేరును కూడా దాని అట్టపై వ్రాసి ఉంచితే, తరువాత చూసేవారికి అది ఎవరు చేసిన ఆటయో తెలుస్తుంది.